కంటిలో సూదిమందు, కంటి ఒత్తిడి: కొంత చరిత్ర

మధుమేహం వలన రెటీనా వాచినవారికి, వయసు మీరిన కొద్దీ రెటీనా నడిమి భాగమైన మాక్యులా క్షీణించినవారికి, రెటీనా సిర పూడుకుపోయినవారికి నేడు కంటి లోపలికే మందును సూదితో ఎక్కించడం సాధారణ చికిత్స అయింది. ఆ మాట చెవిన పడగానే రోగి భయపడేది సూదిని తలచుకొని. "కంట్లో సూదా?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి ఇంటా వినిపించేదే. వైద్యుడు జాగ్రత్తపడేది వేరే రెండు విషయాల గురించి. మొదటిది సూదితోపాటు సూక్ష్మజీవులు లోపలికి ప్రవేశించకుండా చూడడం. రెండవది, మూసి ఉన్న కంటిగుడ్డులోకి అదనంగా ద్రవం చేరినప్పుడు పెరిగే ఒత్తిడిని అదుపులో ఉంచడం. మొదటి విషయం చాలామందికి తెలిసినదే. రెండవదాని గురించి రోగులకు చెప్పేవారు తక్కువ. ఈ వ్యాసం ఆ రెండవ విషయాన్ని గురించినది. వైద్యులు దీనిని ఎలా గ్రహించారో, ఎలా అదుపు చేయడం నేర్చుకున్నారో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. మీరు పాటించవలసిన జాగ్రత్తకు కారణమూ బోధపడుతుంది.

మూసిన గదిలో మరొక బొట్టు

పెద్దవారి కంటిగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. దాని లోపలి భాగంలో అధికపాలు విట్రియస్ అనే పారదర్శకమైన జిగట పదార్థంతో నిండి ఉంటుంది. దాని పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు. కంటి ముందు భాగంలో, కార్నియాకు వెనుక, పలుచని నీరు ఉంటుంది. ఈ నీటిని సీలియరీ బాడీ అనే అవయవం నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరిస్తూ ఉంటుంది. అంతే నీరు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే కోణంలో ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటకు పోయి రక్తంలో కలుస్తుంది. ఊరే నీటికీ పోయే నీటికీ గల సమతూకం మీదనే కంటి ఒత్తిడి ఆధారపడి ఉంటుంది. అది మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది.

నేడు ఎక్కువగా వాడే మందులను ఒక్కసారికి 0.05 మిల్లీలీటరు చొప్పున కంటిలోకి ఎక్కిస్తారు. ఒక మిల్లీలీటరుకు ఇరవై బొట్లు అనుకుంటే ఇది సరిగ్గా ఒక బొట్టు. విట్రియస్ మొత్తంలో ఎనభయ్యవ వంతు. లెక్కకు స్వల్పమే. అయితే కంటి తెల్లపొర బుడగ రబ్బరు వలె సాగేది కాదు. గాలి బిగువుగా నిండిన సైకిలు ట్యూబులోకి ఇంకొక్క పంపు గాలి కొట్టి చూడండి. ఖాళీ ట్యూబులో మొదటి పంపు గాలికి కానరాని బిగువు అప్పుడు ఒక్కసారిగా తెలుస్తుంది. కంటిలో పరిమాణం పెరిగినప్పుడు ఒత్తిడి ఏ తీరున పెరుగుతుందో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన జోనస్ ఫ్రీడెన్‌వాల్డ్ 1937లో గణిత సూత్రంగా చెప్పాడు. ఒత్తిడి అప్పటికే ఎక్కువగా ఉన్న కంటిలో అదే ఒక్క బొట్టు మరింత ఎక్కువ ఒత్తిడిని తెస్తుందన్నది దాని సారాంశం.

అందువలన సూదిమందు ఇచ్చిన మరుక్షణం కంటి ఒత్తిడి 40 దాటడం తరచుగా జరిగేదే. కొందరిలో 50 కూడా దాటుతుంది. ఈ పెరుగుదల నిలకడైనది కాదు. ఒత్తిడి హెచ్చినప్పుడు నీరు బయటకు పోయే వేగం కూడా హెచ్చుతుంది కనుక, అధికుల కళ్ళలో అరగంటలోగా అది 30కి దిగువకు వచ్చేస్తుంది.

మరి ప్రమాదం ఎక్కడ? రెటీనాకు రక్తాన్ని చేర్చే ధమని కంటినరం గుండా కంటిలోకి ప్రవేశిస్తుంది. లోపలి ఒత్తిడి ఆ ధమనిలోని రక్తపు ఒత్తిడిని మించితే రక్తం లోపలికి చొరబడలేదు. అప్పుడు చూపు మసకబారి, చివరకు చీకటి కమ్ముతుంది. కొద్ది నిమిషాలలో రక్తప్రసారం తిరిగి మొదలైతే చూపు తిరిగి వస్తుంది. రక్తం అందకుండా రెటీనా ఎంతసేపు తాళగలదన్న ప్రశ్నకు భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన సోహన్ సింగ్ హయ్రే బృందం 1980లో కోతులపై చేసిన ప్రయోగాలతో సమాధానం వెదికింది. సుమారు గంటన్నర దాటితే నష్టం శాశ్వతమవుతుందని తేలింది. ఇది వైద్యుడికి సమయం ఉందని చెప్పే మాటే కాని, తాత్సారం చేయవచ్చునని చెప్పే మాట కాదు. గ్లాకోమాతో అప్పటికే నీరసించిన కంటినరానికి అంత ఓర్పు ఉంటుందని అనుకోకూడదు.

వేలితో మొదలైన కొలత

కంటిలో ఒత్తిడి అనేది ఒకటి ఉన్నదనీ, అది హెచ్చితే చూపు పోతుందనీ వైద్యలోకం గ్రహించి రెండు వందల సంవత్సరాలే అయింది. గ్లాస్గో నగర వైద్యుడు విలియం మెకెంజీ 1830లో ప్రకటించిన నేత్రవైద్య గ్రంథంలో, గ్లాకోమా ఉన్న కన్ను వేలికి గట్టిగా తగులుతుందని వర్ణించాడు. 1857లో బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ, ఐరిస్ అనే రంగుపొరలో కొంత ముక్కను తీసివేసే శస్త్రచికిత్సతో తీవ్రమైన గ్లాకోమాకు ఉపశమనం కలుగుతుందని ప్రకటించాడు. కంటి ఒత్తిడిని తగ్గించి చూపును కాపాడవచ్చునన్న ఆశ అప్పటినుంచి బలపడింది.

అయినా ఆ ఒత్తిడిని కొలిచే సాధనం లేదు. లండన్‌లో విలియం బౌమన్ మూసిన రెప్పపై వేళ్ళతో మెల్లగా నొక్కి, కంటి గట్టితనాన్ని కొన్ని తరగతులుగా విభజించే పద్ధతిని 1860ల తొలి సంవత్సరాలలో ప్రచారంలోకి తెచ్చాడు. కంటిని తాకి పరికరంతో కొలవాలంటే కంటికి నొప్పి తెలియకూడదు. 1884లో వియన్నాకు చెందిన కార్ల్ కొల్లర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చునని కనుగొన్న తరువాతనే అది సుగమమైంది. నేడు మీ కంటిలో సూది వేసే ముందు వేసే మత్తుచుక్కలకు మూలపురుషుడు ఆయనే.

1905లో నార్వే దేశీయుడు యాల్మార్ షియట్జ్ చిన్న లోహపు పరికరాన్ని రూపొందించాడు. వెల్లకిల పడుకున్న రోగి కార్నియాపై దానిని నిలిపితే, బరువుతో ఉన్న కడ్డీ ఎంత దిగబడిందో ముల్లు చూపుతుంది. మెత్తని కంటిలో ఎక్కువ, గట్టి కంటిలో తక్కువ. మన ఆసుపత్రులలో దశాబ్దాలపాటు రాజ్యమేలిన పరికరం ఇదే. నా తరం వైద్యులు విద్యార్థి దశలో చేతబట్టినదీ ఇదే. 1950లలో స్విట్జర్లండ్‌లోని బెర్న్ నగరంలో హాన్స్ గోల్డ్‌మన్ మరింత కచ్చితమైన పద్ధతిని తెచ్చాడు. కార్నియాపై 3.06 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న వలయాన్ని చదును చేయడానికి ఎంత బలం కావాలో ఆ పరికరం కొలుస్తుంది. నేటికీ కంటి ఒత్తిడి కొలతకు అదే ప్రమాణం.

కొంత తీసి, ఆ పైన ఎక్కించడం

ఒత్తిడిని కొలవడం నేర్చుకుంటున్న ఆ కాలంలోనే కంటిలోకి సూదితో ఎక్కించడమూ మొదలైంది. మొదట ఎక్కించినది మందు కాదు, గాలి. 1911లో జర్మన్ వైద్యుడు జోహానెస్ ఓమ్, ఊడిపోయిన రెటీనాను తిరిగి తన చోటికి నొక్కి ఉంచడానికి విట్రియస్‌లోకి గాలిని పంపాడు. ఆయన ముందుగా రెటీనా వెనుక చేరిన నీటిని తీసివేసి, ఆ తరువాతనే గాలిని ఎక్కించాడు. చోటు కల్పించి అతిథిని పిలవడం వంటిదన్నమాట.

1940లలో పెనిసిలిన్ లభించిన తరువాత, కంటి లోపల చీము పట్టినప్పుడు దానిని నేరుగా కంటిలోకే ఎక్కించే ప్రయత్నాలు జరిగాయి. ఏ యాంటీబయాటిక్‌ను ఎంత మోతాదులో ఇస్తే రెటీనా దెబ్బతినదో 1970లలో గోలం పేమన్ తదితరులు నిర్ధారించారు. ఈ చికిత్సలో నేటికీ పరీక్ష కోసం విట్రియస్ నుంచి కొంత ద్రవాన్ని ముందు తీస్తారు. ఆ పైన మందులు ఎక్కిస్తారు. వ్యాధిని నిర్ధారించడానికి తీసిన ద్రవమే ఒత్తిడికి కూడా వెసులుబాటు కల్పిస్తుంది.

ఒత్తిడి సమస్య ఉగ్రరూపం చూపినది వాయువులతో. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును రెటీనా శస్త్రచికిత్సలో వాడవచ్చునని మయామీకి చెందిన ఎడ్వర్డ్ నార్టన్ 1973లో తెలిపాడు. స్వచ్ఛమైన ఈ వాయువు కంటిలోకి చేరిన తరువాత ఒకటి రెండు రోజులలో దాదాపు రెట్టింపు పరిమాణానికి ఉబ్బుతుంది. 1986లో జార్జ్ హిల్టన్, గ్రిజార్డ్ అనే ఇద్దరు వైద్యులు, పెద్ద శస్త్రచికిత్స లేకుండా వాయువు బుడగతోనే కొన్ని రకాల రెటీనా ఊడికను సరిచేసే పద్ధతిని ప్రకటించారు. ఇందులో ఒకేసారి ఎక్కించే వాయువు సుమారు 0.3 మిల్లీలీటరు, అంటే నేటి సూదిమందుకు ఆరింతలు.

అంత వాయువు చేరిన కంటిలో ధమని మూతపడడం అరుదైన సంగతి కాదు. అందువలన ఎక్కించిన వెంటనే వైద్యుడు కంటి లోపలికి చూసి, రెటీనా ధమనిలో రక్తం పారుతున్నదా అని గమనించేవాడు. ధమని మూసుకొని ఉంటే కొద్ది నిమిషాలు వేచి, అప్పటికీ తెరుచుకోకపోతే సన్నని సూదితో కార్నియా అంచున గుచ్చి ముందుగదిలోని నీటిని కొంత తీసేవాడు. ఒత్తిడి తక్షణం దిగేది. కంటి ఒత్తిడి అంకె కంటే రక్తం పారుతున్నదా లేదా అన్నదే ముఖ్యమన్న పాఠం ఈ చికిత్సతో గట్టిపడింది. నేటి సూదిమందు వైద్యానికి అది పునాది. కంటిలో వాయువు బుడగ ఉన్నవారు విమానం ఎక్కరాదన్న నియమానికి కారణమూ ఒత్తిడే. పైకి పోయిన కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది. కనుక వైద్యుడు అనుమతించేదాకా తిరుమల వంటి కొండ ప్రయాణమైనా అడిగి తెలుసుకొన్న పిదపనే తలపెట్టాలి.

ఒకటి దించేది, ఒకటి పెంచేది

ఈ చరిత్రలో రెండు మందులను ప్రత్యేకించి చెప్పాలి. మొదటిది ఎసిటజోలమైడ్, డయామాక్స్ పేరుతో మన వైద్యులందరికీ పరిచితం. నోటితో మింగితే కంటిలో నీరు ఊరడాన్ని తగ్గిస్తుందని సెయింట్ లూయిస్‌కు చెందిన బెర్నార్డ్ బెకర్ 1954లో తెలిపాడు. రెండవది 1950ల చివరిలో వచ్చిన ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో రెటీనా వాపును తగ్గించడానికి దీనిని 0.1 మిల్లీలీటరు చొప్పున కంటిలోకి ఎక్కించడం విస్తృతంగా సాగింది. మొదటిది ఒత్తిడిని దించేది, రెండవది పెంచేది. ఈ రెండింటినీ మార్కెట్టుకు తెచ్చిన సంస్థలలో అమెరికాలోని లెడర్లీ ఒకటి. భీమవరంలో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించే వరకు పరిశోధనలకు సారథ్యం వహించినది ఆ సంస్థలోనే. ఈ రెండు మందులూ ఆయన అనంతరం వచ్చినవి.

స్టెరాయిడు పెంచే ఒత్తిడి వేరే తీరుది. అది ద్రవం చేరినందువలన నిమిషాలలో వచ్చి పోయేది కాదు. నీరు పోయే జల్లెడను స్టెరాయిడు క్రమంగా బిగదీస్తుంది. ఒత్తిడి వారాలలో పెరిగి నెలలపాటు నిలుస్తుంది. స్టెరాయిడు చుక్కలకు కొందరి కళ్ళు ఇలా స్పందిస్తాయని బెకర్, అర్మాలీ 1960లలోనే వేరువేరుగా చూపారు. ట్రయామ్సినలోన్ కంటిలోకి ఎక్కించినవారిలో మూడింట ఒక వంతుకు పైగా ఈ బెడద కనిపించింది. 2009లో అమెరికాలో అనుమతి పొందిన, కంటిలో ఉండి మెల్లగా కరిగే డెక్సామెథసోన్ గుళికకు కూడా ఈ గుణం కొంత ఉంది. అందువలననే స్టెరాయిడు పొందినవారు చూపు బాగుందని ఊరుకోక, చెప్పిన తేదీకి వెళ్ళి ఒత్తిడి కొలిపించుకోవాలి.

2004 తరువాత

కొత్త రక్తనాళాలు మొలవడానికీ, నాళాల నుంచి ద్రవం కారడానికీ కారణమైన వి.ఇ.జి.ఎఫ్. అనే మాంసకృత్తును 1989లో నపోలియోన్ ఫెర్రారా బృందం వేరుచేసింది. దానిని అడ్డుకొనే తొలి కంటి మందు పెగాప్టనిబ్‌కు 2004 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. ఆ మందు మోతాదు 0.09 మిల్లీలీటరు. 2005లో మయామీ వైద్యుడు ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్, పేగు క్యాన్సరుకు వాడే బెవాసిజుమాబ్‌ను అతి స్వల్ప మోతాదులో కంటిలోకి ఎక్కించి ఫలితం చూపాడు. 2006లో రానిబిజుమాబ్, 2011లో అఫ్లిబర్సెప్ట్ వచ్చాయి. ఈ మూడింటి మోతాదు 0.05 మిల్లీలీటరుగా స్థిరపడింది. 2015లో రానిబిజుమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్ మన దేశంలో విడుదలై, ధర కొంత దిగివచ్చింది.

అంతవరకు అరుదుగా వేసే కంటిసూది దీనితో నెలనెలా వేసే మందుగా మారింది. ఒకే కంటికి ఏళ్ళ తరబడి పదులకొద్దీ సూదులు. అప్పుడు పాత ప్రశ్న కొత్తగా తలెత్తింది: ప్రతిసారీ అందరికీ ముందుగా చుక్కలు వేయాలా? నీరు తీయాలా?

వైద్యులు అన్నీ పరీక్షించి చూశారు. టిమోలాల్, డోర్జోలమైడ్, బ్రిమోనిడిన్ వంటి చుక్కలు ముందుగా వేస్తే ఒత్తిడి శిఖరం కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. సూదికి ముందు దూదిపుల్లతో గాని, గాలి బుడగతో గాని కంటిని కొన్ని నిమిషాలు మెల్లగా నొక్కి మెత్తబరిస్తే మేలే కలుగుతుంది. ముందుగది నీటిని తీయడం అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది. అయితే కంటికి అది రెండవ గాటు. సూక్ష్మజీవులకు రెండవ దారి, కటకానికి రెండవ గండం. అందుకని దానిని అందరికీ చేయరాదనీ, అవసరమైన కంటికి మాత్రమే చేయాలనీ నిపుణుల మార్గదర్శకాలు తేల్చాయి.

మోతాదు కచ్చితంగా ఉండడం కూడా ఒత్తిడి అదుపులో భాగమే. 2021లో ఐరోపాలో, ముందే నింపివచ్చే ఒక రకం అఫ్లిబర్సెప్ట్ సిరంజీ వాడకంలో ఒత్తిడి పెరిగిన సంఘటనలు ఎక్కువగా రావడంతో వైద్యులకు హెచ్చరిక జారీ అయింది. సిరంజీ గీతకు సరిగా చేర్చకపోతే అధిక మందు లోపలికి పోతుందన్నది అందులోని ముఖ్యాంశం. బొట్టులో సగం ఎక్కువైనా కన్ను గుర్తిస్తుంది.

నేడు బల్లపై జరిగేది

మత్తుచుక్కలు, పొవిడోన్ అయోడిన్ చుక్కలు వేసిన తరువాత నల్లగుడ్డు అంచునుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో సన్నని సూదిని గుచ్చి, మందును నింపాదిగా ఎక్కిస్తారు. సూది తీసిన వెంటనే వైద్యుడు తన వేళ్ళు చూపి "ఎన్ని వేళ్ళు?" అని అడుగుతాడు, లేదా చేయి ఊపి "కనబడుతున్నదా?" అంటాడు. ఇది కాలక్షేపానికి వేసే ప్రశ్న కాదు. మీకు వేళ్ళు కనిపిస్తున్నాయంటే రెటీనాకు రక్తం అందుతున్నదని అర్థం. అప్పుడే సూది పడిన కంటిపై పరికరాన్ని ఆనించనక్కరలేకుండా, పైసా ఖర్చు లేకుండా, క్షణంలో తెలిసే పరీక్ష ఇది. ముందే చూపు బాగా మందగించినవారికి వెలుగు తెలుస్తున్నదా అని అడుగుతారు. సందేహముంటే లోపలికి చూసి ధమనిని గమనిస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రులలో నేను చూసిన పెద్దవారిలో ఒక స్వభావం ఉండేది. డాక్టరు గారిని ఇబ్బంది పెట్టడమెందుకని నొప్పిని, మసకను మింగి ఊరుకునేవారు. అడిగితే "బాగానే ఉందయ్యా" అనేవారు. ఎన్నో సందర్భాలలో ఆ మర్యాద మెచ్చదగినదే. ఈ ఒక్క సందర్భంలో అది చూపుకు హాని. అంతా చీకటైతే "చీకటైంది" అని ఆ బల్లపైనే చెప్పాలి. అప్పుడు వైద్యుడు చేయవలసిన పని చిన్నది, ఫలితం తక్షణం. ఇంటికి వెళ్ళిన తరువాత చెబితే అదే పని ఆలస్యమవుతుంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

గ్లాకోమా ఉన్నదని, దానికి ఏ చుక్కలు వాడుతున్నారో సూదిమందు వేసే వైద్యుడికి ముందే చెప్పండి. ఆ చుక్కలను సూది రోజున కూడా, వైద్యుడు వద్దంటే తప్ప, మానకండి. గతంలో స్టెరాయిడు మందుతో ఒత్తిడి పెరిగి ఉంటే ఆ సంగతి తప్పక తెలియజేయండి. సూది తరువాత కంటిని నలపకండి, నొక్కకండి. వేళ్ళు ఎన్నో అడిగినప్పుడు ఊహించి చెప్పకండి, కనిపిస్తేనే చెప్పండి. ఆనాడు కంటినొప్పి, తలనొప్పి, వాంతులు ఎక్కువగా ఉన్నా, తరువాతి రోజులలో కన్ను ఎర్రబడి నొప్పితో చూపు తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రెండవది సూక్ష్మజీవుల చిహ్నం కావచ్చు. పదేపదే సూదులు పడిన కొన్ని కళ్ళలో ఒత్తిడి నిలకడగా పెరిగిన ఉదాహరణలు ఉన్నాయి కనుక, అప్పుడప్పుడు ఒత్తిడిని కొలిపించుకోవడం మంచిది.

ఒక మాట మాత్రం నొక్కి చెప్పాలి. ఒత్తిడి పెరుగుతుందట అన్న భయంతో సూదిమందు మానుకోవద్దు. మాక్యులాలో రక్తం, నీరు చేరి పోయిన చూపు చాలా సందర్భాలలో తిరిగి రాదు. సూది తరువాతి ఒత్తిడి చాలామందిలో అరగంటలో దిగిపోతుంది. దిగనివారికి దించే ఉపాయం వైద్యుడి చేతిలో ఉంది. అంతవరకు మీ వంతు పని ఒక్కటే: ఆ బల్లపై ఉన్నంతసేపు మీకు కనిపించేది, కనిపించనిది ఉన్నదున్నట్టు చెప్పడం.